కొలిమి నుంచి కేంబ్రిడ్జి దాకా: జోసెఫ్ ప్యారీ చిన్న పాటలు ఎందుకు నిలిచాయి, పెద్ద రచనలు ఎందుకు నిలవలేదు

క్లుప్తంగా: వేల్స్ స్వరకర్త జోసెఫ్ ప్యారీ (1841–1903) తొమ్మిదేళ్లకే గనిలో దిగాడు, పన్నెండేళ్లకు ఇనుప కొలిమి దగ్గర నిలబడ్డాడు, ముప్ఫై ఏడేళ్లకు కేంబ్రిడ్జి డాక్టరేట్ అందుకున్నాడు. ఈ కథను సాధారణంగా ఒక మేధావి ఒంటరి విజయంగా చెబుతారు. నిజానికి చాపెల్ (అక్కడి చిన్న చర్చి), పాటల పోటీ, చందాల డబ్బు కలిసి అతణ్ని పైకి తెచ్చాయి. వాటికి తోడు చవకైన ఒక స్వరలిపి అతనికి పాడేవాళ్లను సమకూర్చింది. అతను ఏది బాగా రాయగలడో, ఏది రాయలేడో కూడా చాలావరకు ఇవే తేల్చాయి.

ముందు ఒక చిక్కు

బ్రిటిష్ సంగీతంలో ప్యారీ అంటే చాలామందికి తట్టేది హ్యూబర్ట్ ప్యారీ (1848–1918). అతను ఇంగ్లండుకు చెందిన సంపన్న కుటుంబీకుడు, ఈటన్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. జోసెఫ్ ప్యారీతో అతనికి చుట్టరికం లేదు. ఇద్దరూ ఒకే కాలంవాళ్లు, ఇద్దరూ బృందగానానికే ఎక్కువ రాశారు కాబట్టి రికార్డుల జాబితాల్లో ఒకరి రచన మరొకరి పేరు కింద చేరిపోతుంటుంది. భక్తి గీతం పేరు వేల్స్ ఊరిదైతే అది జోసెఫ్‌ది కావచ్చన్నది ఒక మోటు గుర్తు. అన్నివేళలా పనిచేయదు గానీ చాలాసార్లు దారి చూపిస్తుంది.

మెర్థర్: గని, కొలిమి, చాపెల్

1841 మే 21న మెర్థర్ టిడ్‌విల్‌లో, చాపెల్ రో అనే కార్మికుల వరుస ఇళ్లలో ప్యారీ పుట్టాడు. అప్పటికి వేల్స్‌లో అదే పెద్ద ఊరు. క్రాషే కుటుంబానికి చెందిన కవార్త్‌వా ఇనుము కర్మాగారం ఆ వాడకు కూతవేటు దూరం. తండ్రి అక్కడే పనిచేసేవాడు. ఊరు పెరిగిన వేగానికి నీళ్లు, మురుగు కాలువలు అందుకోలేదు. 1849 కలరాకు అక్కడ 1,400 మందికి పైగా చనిపోయారు. ప్యారీకి అప్పుడు ఎనిమిదేళ్లు.

మరుసటి ఏడాది బడి మానేసి గనిలో చేరాడు. వారానికి 56 గంటల పని, కూలి అర్ధ క్రౌను, అంటే రెండున్నర షిల్లింగులు. పన్నెండేళ్లకు పడ్లింగ్ కొలిముల దగ్గరికి మారాడు. ముడి ఇనుములో కర్బనం ఎక్కువ కాబట్టి అది పెళుసు. దాన్ని కొలిమిలో కరిగించి, పొడవాటి ఇనుప కడ్డీతో కలియబెడుతూ ఉంటే కర్బనం మండిపోతుంది. కర్బనం తగ్గేకొద్దీ ఇనుము కరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. అందుకని కొలిమి వేడి అంతే ఉన్నా, ద్రవం కాస్తా ముద్దలా చిక్కబడుతుంది. ఆ క్షణం పట్టుకుని ముద్దను ఉండలుగా చేసి, సుత్తి కిందికి, తర్వాత రోలర్ల మధ్యకు పంపాలి. ఒక్క విడతకు సుమారు 200 కిలోల ఇనుము. సమయం తప్పితే ఆ విడతంతా పాడు. పనివాడి నైపుణ్యమంతా కంటిలోనే ఉండేది, కొలిచే పరికరం ఏదీ లేదు.

సంగీతం మాత్రం ఇంటి పక్కనే ఉంది. తల్లి ఎలిజబెత్‌కు మంచి గొంతు. చాపెల్‌లో వారం వారం నాలుగు గొంతుల పాట, అంటే నాలుగు వేర్వేరు పంక్తులను ఒకేసారి కలిపి పాడటం. ఊళ్లో రాసర్ బేనన్ నడిపిన బృందంలో కుర్రవాడైన ప్యారీ ఆల్టో (పై నుంచి రెండోది) గొంతు పాడి, హాండెల్ వంటివారి ఆరటోరియోలు (నటన లేకుండా పాడే పెద్ద భక్తి కథాగానాలు) విన్నాడు. కర్మాగారం యజమాని 1838లో పెట్టిన కవార్త్‌వా బ్యాండు ఇత్తడి వాద్యాలతో యూరప్ సంగీతాన్ని వీధిలోకి తెచ్చింది. అంటే స్వరలిపి ఇంకా చదవడం రాని పిల్లవాడి చెవిలో నాలుగు పంక్తుల హార్మొనీ (ఒకేసారి పలికే స్వరాల పొందిక) ముందే పాతుకుపోయింది.

డాన్‌విల్: పక్క కొలిమి దగ్గరి గురువులు

తండ్రి ముందు వెళ్లి, 1854లో కుటుంబాన్ని అమెరికాలోని పెన్సిల్వేనియాకు రప్పించుకున్నాడు. డాన్‌విల్ అప్పట్లో రైలు పట్టాలు తయారుచేసే ఊరు. నైపుణ్యం ఉన్న వేల్స్ కార్మికులు గుంపులుగా అక్కడికి చేరారు. వాళ్లతోపాటు చాపెళ్లు, పాటల పోటీలు కూడా ఓడ దిగాయి. ప్యారీ అక్కడి రోలింగ్ మిల్లులో పనికి కుదిరాడు.

స్వరలిపి చదవడం అతనికి పదిహేడేళ్ల ప్రాయంలో మొదలైంది. నేర్పినవాళ్లు జాన్ ఏబెల్ జోన్స్, జాన్ ప్రైస్. ఇద్దరూ అదే పనిలో ఉన్న తోటి కార్మికులే. ఒకరు చదవడం నేర్పితే, మరొకరు హార్మొనీ నేర్పారు. సంగీత కళాశాల ఛాయ కూడా లేని చోట ఇది ఎలా సాధ్యమైందంటే, పోటీకి వెళ్లాలంటే పాఠం కావాలి, పాఠం చెప్పేవాడు ఆ బృందంలోనే ఒకడు ఉంటాడు. 1860 క్రిస్మస్ నాటి డాన్‌విల్ పోటీలో ప్యారీ రాసిన మార్చ్‌కు మొదటి బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది స్నేహితులు చందాలు వేసుకుని న్యూయార్క్ రాష్ట్రంలోని జెనెసియోలో జరిగే వేసవి సంగీత పాఠశాలకు పంపారు. అతని చదువుకు ఇతరులు డబ్బు కట్టడం అదే మొదటిసారి.

పేరు కనబడని పోటీ

వేల్స్ భాషలో ఐస్టెధ్‌వడ్ అనే సంప్రదాయం ఉంది. కవిత్వం, గానం, సంగీత రచన అన్నింటికీ పోటీలు ఉంటాయి. సంగీత రచన విభాగం నడిచే తీరు గమనించదగ్గది. నిర్వాహకులు ముందుగా అంశం ప్రకటిస్తారు. ఒక ఆంథమ్, ఒక మోటెట్ (రెండూ చర్చిలో పాడే బృందగాన రచనలే), ఒక బృందగీతం, ఇలా. పోటీదారు తన రాతప్రతి మీద మారుపేరు మాత్రమే వేస్తాడు. అసలు పేరు విడిగా మూసిన కవరులో ఉంటుంది. న్యాయనిర్ణేత ప్రతి రచన మీదా రాతపూర్వకంగా తీర్పు ఇస్తాడు, వేదిక మీద చదువుతాడు. గెలిచిన మారుపేరు పిలిచాకే మనిషి లేచి నిలబడతాడు.

అందుకని న్యాయనిర్ణేత ముందు కొలిమి కార్మికుడు, ఆర్గనిస్టు, బడిపంతులు ఒకటే. తీర్పులో తప్పులు కూడా చెబుతారు. సమాంతర పంచమాలు (రెండు గొంతులు పంచమం దూరంలోనే కలిసి కదలడం, హార్మొనీలో తప్పుగా లెక్క) ఎక్కడ వచ్చాయో, ఏ గొంతు తన పరిధి దాటిందో విడమరుస్తారు. కళాశాలకు వెళ్లలేనివాడికి అదే దూరవిద్య. 1863 స్వాన్సీ, 1864 లాన్‌డిడ్నో జాతీయ పోటీలకు ప్యారీ అమెరికా నుంచి రచనలు పంపి బహుమతులు గెలిచాడు. 1865లో అబరిస్ట్‌విత్ వచ్చినప్పుడు గోర్సెద్ కవిసభ అతనికి 'పెన్కెర్ద్ అమెరికా', అంటే అమెరికా సంగీత ముఖ్యుడు అనే బిరుదు ఇచ్చింది.

ఈ పద్ధతికి ఒక లోపం ఉంది, అది ప్యారీని చివరిదాకా వదల్లేదు. బహుమతి రచన ఒకసారి మెప్పిస్తే చాలు. గడువులోపు ముగించాలి, ఒక్క చదువులో న్యాయనిర్ణేత కంటికి ఆనాలి. ఫ్యూగ్ (ఒకే బాణీని గొంతులు ఒకదాని వెనక ఒకటి అందుకునే రచన) ఉంటే మార్కులు, ఘనమైన ముగింపు ఉంటే మార్కులు. రాసినదాన్ని ఏళ్ల తరబడి పక్కన పెట్టి, కోసి, కుదించే అలవాటు ఇందులో పుట్టదు. ప్యారీ వేగంగా రాశాడు, విపరీతంగా రాశాడు. భక్తి గీతాల బాణీలే 400 దాకా ఉన్నాయి. తిరిగి దిద్దడం మాత్రం తక్కువ.

అక్షరాలతో రాసే సంగీతం

ప్యారీ నేర్చింది ఐదు గీతల స్టాఫ్ నొటేషన్. అతని పాటలు పాడిన వేల మందిలో అత్యధికులు చదివింది వేరే లిపి: టానిక్ సోల్ఫా. నారిచ్‌కు చెందిన శారా గ్లవర్ పద్ధతిని జాన్ కర్వెన్ (1816–1880) అనే పాస్టరు సవరించి ప్రచారంలోకి తెచ్చాడు. 1860ల్లో ఎలియాజర్ రాబర్ట్స్ దాన్ని వేల్స్ భాషలోకి తీసుకొచ్చాక, చాపెల్ నేలమాళిగల్లో వారానికో తరగతి వెలిసింది.

తెలుగు పాఠకుడికి దీని సూత్రం వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే మన సరిగమల్లాగే ఇక్కడా ఆధార స్వరం కదులుతుంది. డో, రే, మీ, ఫా, సో, లా, టీ. ఏ శ్రుతిలో పాడినా డో ఆధారమే. మొదటి అక్షరాలతోనే రాస్తారు. చివరిది 'సీ' కాకుండా 'టీ' అయింది అందుకే, లేకపోతే సో, సీ రెండూ ఒకే అక్షరమవుతాయి. ఒక చిన్న పంక్తి ఇలా ఉంటుంది:

డ :ర | మ :ఫ | స :– | – :–

నిలువు గీత బలమైన దెబ్బకు గుర్తు. రెండు చుక్కలు తర్వాతి దెబ్బకు, అడ్డగీత పొడిగింపుకు. దెబ్బను సగం చేయాలంటే మధ్యలో ఒక చుక్క పెడతారు. పై స్థాయికి అక్షరం పైన చిన్న గీత, కింది స్థాయికి కింద గీత. మన పుస్తకాల్లో తారస్థాయికి పైన, మంద్రానికి కింద చుక్క పెట్టడం లాంటిదే. తెలుగువారు తడబడే చోటు ఒకటుంది: ఇక్కడ 'మ' అంటే మన గాంధారం, 'స' అంటే మన పంచమం. అలవాటైన కన్ను మొదటి రోజు తప్పకుండా మోసపోతుంది.

మైనర్ స్కేలు దగ్గర తేడా ఇంకా ఆసక్తికరం. సోల్ఫాలో మైనర్‌కు కొత్త పేర్లు పెట్టరు. డో స్కేలునే ఉంచి, లా దగ్గర కూర్చుంటారు. ఇది అచ్చంగా గ్రహభేదం. డో స్కేలు శంకరాభరణం స్వరస్థానాలైతే, లాను ఆధారం చేసుకుంటే వచ్చేది నటభైరవి. సోను అర మెట్టు పైకి జరిపి 'సే' అంటే అది కీరవాణి మెట్లకు చేరుతుంది. స్వరం పెరిగితే అచ్చు 'ఏ'కి, తగ్గితే 'ఆ'కి మారుతుంది: ఫా పెరిగితే ఫే, టీ తగ్గితే టా.

ఇది ఎందుకంత వేగంగా పాకిందంటే ముందు చెప్పాల్సింది ముద్రణ ఖర్చు. ఐదు గీతల సంగీతానికి చెక్కిన ప్లేట్లు గానీ, ప్రత్యేకమైన అచ్చు టైపు గానీ కావాలి. సోల్ఫాను ఊరి వార్తాపత్రిక అచ్చువేసే ప్రెస్సులోనే, మామూలు అక్షరాలతో కూర్చవచ్చు. ప్రతి కార్మికుడూ తన గొంతు కాగితం తానే కొనుక్కోగలిగాడు. ఇంకొక లాభం, వాద్యం అక్కర్లేదు. ట్యూనింగ్ ఫోర్కు ఒకటి, గోడకు స్వరాల నిచ్చెన పటం ఒకటి ఉంటే తరగతి నడుస్తుంది. ఆ పటాన్ని మాడ్యులేటర్ అంటారు. గురువు కర్రతో స్వరం చూపిస్తాడు, తరగతి పాడుతుంది.

కొత్త పాట సాధన సాధారణంగా ఇలా సాగేది. ముందు ఒక్కో గొంతును విడిగా స్వరాలతో పాడించడం. తర్వాత స్వరాలు వదిలేసి 'లా' మీద పాడించడం, లయ స్థిరపడటానికి. అప్పుడు రెండు గొంతులు కలపడం, తర్వాత నాలుగూ. సాహిత్యం చివరికి. తొందరపడి ముందే సాహిత్యం ఇస్తే, గాయకుడు అక్షరాలు చదివే హడావిడిలో అంతరాన్ని చెవితో కొలవడం మానేస్తాడు. వాద్యం లేకుండా పాడే బృందం శ్రుతి దిగిపోవడానికి కారణం కూడా అక్కడే ఉంటుంది: పైకి ఎక్కేటప్పుడు మెట్లు చిన్నవి చేస్తారు, దిగేటప్పుడు పెద్దవి చేస్తారు. నాలుగు చరణాలు పూర్తయ్యేసరికి పాట అర మెట్టు కిందికి జారి ఉంటుంది.

ఈ లిపికి హద్దు కూడా ఉంది. శ్రుతి మారినప్పుడల్లా డో చోటు మారుతుంది. అక్కడ ఒకే స్వరానికి రెండు పేర్లు రాయాలి, పాతది చిన్నగా, కొత్తది పెద్దగా. పాత సో కొత్త డో కావచ్చు. పాటలో ఒకటి రెండు చోట్లయితే గాయకుడు దాటేస్తాడు. పంక్తికొకసారి వస్తే బృందం చెదిరిపోతుంది. అంటే వేల్స్‌లో పాట అమ్ముడుపోవాలని కోరుకునే స్వరకర్తకు దగ్గరి శ్రుతుల్లోనే తిరగడం లాభం. జర్మన్ స్వరకర్త వాగ్నర్ తరహాలో శ్రుతులు కరిగిపోయే సంగీతం ఆ కాగితం మీద చదవడమే కష్టం. వాద్య సంగీతానికైతే సోల్ఫా దాదాపు పనికిరాదు. ఒక దేశమంతా పాడటం నేర్చి, వాయించడంలో వెనకబడటానికి ఇది ఒక్కటే కారణం కాదు, కానీ బలమైన కారణం.

చందా డబ్బు, దాని బరువు

అమెరికాలోని వేల్స్ సమాజాలు, ఇంటి దగ్గరి మద్దతుదారులు డబ్బు పోగుచేసి ప్యారీని 1868లో లండన్ రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌కు పంపారు. అప్పటికి 27 ఏళ్లు, పెళ్లయి పిల్లలున్నారు. స్టర్న్‌డేల్ బెనెట్ దగ్గర రచన, మాన్యుయెల్ గార్సియా దగ్గర గాత్రం నేర్చాడు. 1871లో కేంబ్రిడ్జి సంగీత పట్టా, 1878లో డాక్టరేట్. ఈ రెండూ అందుకున్న మొదటి వేల్స్‌వాడు అతనే. కొడుకుల పేర్లు చూస్తే ఆ చదువు మీద అతనికున్న భక్తి తెలుస్తుంది: జోసెఫ్ హైడన్, డేనియల్ మెండెల్‌సన్, విలియమ్ స్టర్న్‌డేల్.

1874లో అబరిస్ట్‌విత్ కళాశాల అతణ్ని మొదటి సంగీత ఆచార్యుడిగా పిలిచింది. ఆ కళాశాల 1872లో, సముద్రం ఒడ్డున పూర్తికాని ఒక హోటల్ భవనంలో 26 మంది విద్యార్థులతో మొదలైంది. ప్రభుత్వ గ్రాంటు లేదు. చాపెళ్లలో వసూలైన చిల్లర డబ్బే ఆదరువు. అలాంటి చోట సంగీత శాఖ పెట్టడం సాహసమే. ప్యారీ తరచూ బయట కచేరీలకు, పోటీల్లో న్యాయనిర్ణయానికి తిరగడం పాలకులకు నచ్చలేదు. 1880లో శాఖ మూతపడింది.

ఇక్కడ ఇరుపక్షాల లెక్కా అర్థమయ్యేదే. ప్యారీ దృష్టిలో తనను పంపిన జనం చాపెళ్లలో, పోటీ పందిళ్లలో ఉన్నారు, వాళ్లు పిలిస్తే వెళ్లాలి. కళాశాల దృష్టిలో ఆచార్యుడు తరగతిలో ఉండాలి. చందాతో చదివినవాడు చందాదారులందరికీ బాకీపడ్డట్టే. తర్వాత అతను స్వాన్సీలో చాపెల్ ఆర్గనిస్టుగా, సొంత సంగీత పాఠశాల నడుపుతూ గడిపి, 1888లో కార్డిఫ్ యూనివర్సిటీ కాలేజీలో అధ్యాపకుడయ్యాడు. 1896 లాన్‌డిడ్నో ఐస్టెధ్‌వడ్‌లో జనం 600 పౌండ్లు పోగుచేసి బహూకరించారు. మళ్లీ చందానే.

ఇదొక్కటే దారి కాదని గుర్తు చేయడానికి పోలిక ఒకటి చాలు. డౌలైస్‌లో పుట్టిన జాన్ హ్యూస్ (1873–1932) గనిలో గాలి తలుపులు తెరిచి మూసే కుర్రాడిగా చేరి, తర్వాత రవాణా విభాగంలో ఉద్యోగి అయ్యాడు. ఏ అకాడమీకీ వెళ్లలేదు, ఉద్యోగమూ మానలేదు. 1907లో పాంటిప్రిడ్ దగ్గరి ఒక చాపెల్‌కు రాసిన 'కుమ్ రొండా' బాణీ ఇప్పుడు రగ్బీ మైదానాల్లో సైతం వినిపిస్తుంది. భక్తి గీతం బాణీ రాయడానికి డాక్టరేట్ అవసరం లేదు. ఆరటోరియో రాయడానికి అవసరమని ఆ కాలం నమ్మింది, ప్యారీ కూడా నమ్మాడు.

నాలుగు గొంతులు దాటితే

1875లో అచ్చయిన 'మవాన్‌వీ' నాలుగు మగ గొంతుల పాట: మొదటి టెనర్, రెండో టెనర్ (పై గొంతులు), మొదటి బాస్, రెండో బాస్ (కింది గొంతులు). మాటలు మునదోగ్ అనే కవివి. మగ గొంతులకు రాయడంలో ఉన్న ఇబ్బంది ఇరుకు. నాలుగు పంక్తులూ రెండున్నర ఆక్టేవుల (స్థాయిల) లోపు కుదరాలి. బాస్ రెండు పంక్తులను కింద దగ్గరగా పెడితే స్వరం గరగరలాడుతుంది, మాట వినబడదు. దూరం చేస్తే టెనర్ గొంతు చించుకోవాలి. ప్యారీ కింద ఖాళీ వదిలి, పైన మూడు గొంతులను దగ్గరగా ఉంచి, మెల్లగా కదిలిస్తాడు. లోపలి గొంతులకు కూడా పాడుకోదగ్గ పంక్తి దొరుకుతుంది. ఈ విద్య పుస్తకంలో కన్నా, అదే గొంతుల మధ్య ఏళ్ల తరబడి నిలబడి పాడినవాడికే తెలుస్తుంది.

1879లో అచ్చయిన 'అబరిస్ట్‌విత్' బాణీ మరో ఉదాహరణ. పంక్తికి ఏడు అక్షరాల చొప్పున ఎనిమిది పంక్తులు, మైనర్ స్కేలు. చాపెల్ జనం మొత్తం సాధన లేకుండా పాడగలిగేలా అడుగులు చిన్నవిగా, ఒక గట్టి ఎత్తుగడ చివరి సగానికి దాచిపెట్టినట్టుగా ఉంటుంది. చార్లెస్ వెస్లీ గీతానికి ఇంగ్లిష్ చర్చిలు కూడా దీన్నే వాడుకున్నాయి.

'బ్లోడ్వెన్' సంగతి వేరు. 1878 మే 21న, సరిగ్గా ప్యారీ పుట్టినరోజున, అబరిస్ట్‌విత్‌లో మొదటిసారి పాడారు. వేల్స్ భాషలో మొదటి ఒపెరా అది. వందల సార్లు ప్రదర్శించారు. కానీ ఎక్కువగా కచేరీ రూపంలోనే, ఆర్కెస్ట్రా బదులు కీబోర్డు వాద్యాలతోనే. నాటకశాల అంటే చాపెళ్లకు గిట్టదు, ఆర్కెస్ట్రాను కిరాయికి తెచ్చే డబ్బు బృందాలకు లేదు. పరిస్థితికి సరిపోయింది కాబట్టి ఆ కాలంలో ఆడింది. అదే కారణంగా, నిజమైన ఒపెరా రంగస్థలం మీద, పూర్తి ఆర్కెస్ట్రాతో చూస్తే బలహీనత బయటపడుతుంది. సన్నివేశాలు బృందగీతాల వరుసలా పక్కపక్కన నిలబడతాయి, వాద్యాలు గొంతుల వెంట నడవడం తప్ప వేరే పని చేయవు. 1880 నాటి 'ఇమ్మాన్యుయెల్', 1892 నాటి 'సాల్ ఆఫ్ టార్సస్' ఆరటోరియోలది కూడా దాదాపు అదే గతి. రోజూ ఆర్కెస్ట్రాతో పనిచేసే అవకాశం లేనివాడు ఏ వాద్యం ఏ చోట మునిగిపోతుందో విని దిద్దుకోలేడు. బృందం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో మాత్రం ప్యారీకి నిద్రలో కూడా తెలుసు.

కాగితం చేరిన దూరం

ప్యారీ 1903 ఫిబ్రవరి 17న పెనార్త్‌లో చనిపోయాడు. అప్పటికే సోల్ఫా పుస్తకాలు మిషనరీల పెట్టెల్లో చాలా దూరం వెళ్లాయి. దక్షిణాఫ్రికాలో ఎనోక్ సొంటోంగా 1897లో తన పాటలను సోల్ఫాలోనే రాసుకున్నాడు. అతని 'ఇన్కోసి సికెలేలి ఆఫ్రికా' ప్యారీ 'అబరిస్ట్‌విత్' నుంచి పుట్టిందని తరచూ అంటారు. ప్యారీది మైనర్, సొంటోంగాది మేజర్. పోలిక ఉన్నదల్లా కొన్ని మలుపుల్లోనే. రుణం బాణీది అనేకన్నా లిపిది అనడం నయం.

మన దేశంలోని మిజో కొండలకు ఆ లిపి వచ్చిన దారి కూడా వేల్స్‌దే. ప్యారీ పుట్టిన 1841లోనే వేల్స్ మిషనరీ థామస్ జోన్స్ చిరపుంజి చేరాడు. శతాబ్దం చివర వేల్స్ మిషన్ మిజో కొండలకు పాకింది. మిజోరం చర్చి బృందాలు నేటికీ నాలుగు గొంతుల పాటలను డ, ర, మ అక్షరాల మీదే చదువుతాయి.